బండెక్కిన కారు సీటు

పురుడు పోయడానికి కూతురి దగ్గరికి లండన్‌కో డాలస్‌కో వెళ్ళిన అమ్మలు తిరిగొచ్చి చెప్పే కబుర్లలో కారు సీటు తప్పకుండా ఉంటుంది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కారెక్కనివ్వరని, పుట్టిన రెండో రోజే బెల్టులు బిగించి ఇంటికి తెస్తారని ఆశ్చర్యపోతూ చెబుతారు. కొన్నాళ్ళకు ఆ ఆశ్చర్యం తీరిపోతుంది. కారులో అది ఉండాల్సిందేనని వాళ్ళే ఒప్పుకుంటారు. వాళ్ళడిగే రెండో ప్రశ్నకు మాత్రం ఇంట్లో ఎవరూ సరిగ్గా జవాబు చెప్పరు. కారు దిగాక కూడా ఆ పసిగుడ్డును అదే సీటులో ముడుచుకునేలా ఎందుకు ఉంచుతారు? బజారుకెళ్ళినా పార్కుకెళ్ళినా ఆ సీటునే చక్రాల ఫ్రేమ్ మీద బిగించి తోసుకుపోతారెందుకు? బిడ్డను చదునుగా పడుకోబెట్టాలి కదా?

ఆ పెద్దవాళ్ళ అనుమానం సరైనదేనని నా నమ్మకం. అయితే నమ్మకం చాలదు, తెలిసిన విషయాలేమిటో ఒకచోట పెట్టి చూడాలి.

ముందు వస్తువుల సంగతి. చక్రాలున్న ఫ్రేమ్ ఒకటి ఉంటుంది. దాని మీద మూడు రకాలవి అమర్చుకోవచ్చు. ఒకటి, చంటిబిడ్డ వెల్లకిలా చదునుగా పడుకునే తొట్టి. దీన్ని క్యారీకాట్ అంటారు. రెండోది, కూర్చోగల పిల్లల కోసం సీటు. మూడోది, కారులోంచి తీసిన శిశువుల కారు సీటు. ఇవన్నీ కలిపి అమ్మే సెట్టును ట్రావెల్ సిస్టమ్ అంటారు. బ్రిటన్‌లో, యూరప్‌లో ఈ సెట్లలో క్యారీకాట్ తరచుగా ఉంటుంది. అమెరికాలో మామూలుగా దొరికే సెట్టులో స్ట్రోలర్ అనే తోపుడు బండి, కారు సీటు మాత్రమే ఉంటాయి. పుట్టిన రోజు నుంచి మెడ నిలిచి కూర్చునేదాకా ఆ బిడ్డ షికారంతా కారు సీటులోనే. అలవాటు అలా ఏర్పడింది.

మొదట్లో ఇలా లేదు. 1733లో ఇంగ్లండ్‌లో విలియం కెంట్ అనే వాస్తుశిల్పి డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం చిన్న జంతువు లాగే బండి చేశాడు. 1877లో విలియం విల్సన్ లీడ్స్‌లో సిల్వర్ క్రాస్ ప్రామ్‌ల వ్యాపారం పెట్టాడు. ఆ తరవాత దశాబ్దాల తరబడి బ్రిటిష్ వీధుల్లో తిరిగిన పెద్ద పెద్ద ప్రామ్‌లన్నీ నిజానికి చక్రాలున్న పడకలే. బిడ్డ కాళ్ళు చాపుకుని ఆకాశం చూస్తూ పడుకునేది. 1965లో ఓవెన్ మాక్లారెన్ గొడుగులా ముడుచుకునే తేలికపాటి బండి తయారుచేశాడు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజనీరు ఆయన. బరువైన ప్రామ్ అవసరం చాలా ఇళ్ళలో అక్కడితో తగ్గింది. కాని ఆ బండి కూర్చోగల పిల్లలకే పనికొచ్చేది.

కార్ల సంగతి వేరుగా నడిచింది. కొన్ని దశాబ్దాల కిందటిదాకా బ్రిటన్‌లో పసిబిడ్డను క్యారీకాట్‌లో పడుకోబెట్టి, ఆ క్యారీకాట్‌నే కారు వెనక సీటు మీద పెట్టేవారు. కొందరు దానికి పట్టీలు కట్టేవారు, కొందరు అదీ లేదు. గుద్దుకుంటే ఆ బిడ్డకు రక్షణ ఏపాటిదో చెప్పనక్కరలేదు. అమెరికాలో పిల్లలకు కారు సీటు ఉండాలన్న చట్టాన్ని 1978లో టెనెస్సీ మొదట తెచ్చింది. 1985కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలొచ్చాయి. యూరప్‌లో 1984లో మాక్సీ కోసీ శిశువుల కారు సీటు మార్కెట్‌కి వచ్చింది. పిడి పట్టుకుని బిడ్డతో సహా ఎత్తుకుపోగల సీటు అది. తరవాత ఆ పిడి సీటును నేరుగా ఫ్రేమ్ మీద బిగించే ఏర్పాటు వచ్చింది. ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అన్నట్టు, నిన్న పడుకునే తొట్టి కారెక్కింది, నేడు కారు సీటు తోపుడు బండెక్కింది. మొదటి తప్పును ప్రపంచం దిద్దుకుంది. రెండో దాన్ని మాత్రం సౌకర్యం అనుకుంటోంది.

కారు సీటు బిడ్డను వెనక్కి వాల్చి, కారు వెనక వైపుకు ముఖం పెట్టి కూర్చోబెడుతుంది. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ మెడ మీద ఒకేచోట పడకుండా వీపు, తల, మెడ అంతటా పరుచుకుంటుంది. యూరప్‌లో 2013 నుంచి అమల్లోకొచ్చిన ఆర్129 నిబంధన కింద ఆమోదం పొందిన సీట్లలో 15 నెలలు నిండేదాకా బిడ్డను వెనక్కి తిప్పే ఉంచాలి. మరి చదునుగా ఎందుకు పడుకోబెట్టరు? అలా పడుకోబెడితే దెబ్బ తగిలినప్పుడు బిడ్డ తలవైపు జారిపోతుంది. నిటారుగా కూర్చోబెడితే తల ముందుకు వాలి గడ్డం గుండెలకు ఆనుతుంది. ఈ రెంటికీ మధ్య, దాదాపు 45 డిగ్రీల వాలు దగ్గర, ఇంజనీర్లు ఆగారు. అంటే ఆ వాలు బిడ్డ ఊపిరికి మేలని ఎంచుకున్నది కాదు. ప్రమాదం జరిగితే ప్రాణం నిలిపేంత నిటారుగా, ఊపిరి ఆగనంత వాలుగా కుదుర్చుకున్న రాజీ అది.

అప్పుడే పుట్టిన బిడ్డ తల, ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది. మెడకు దాన్ని నిలిపే బలముండదు. శ్వాసనాళం సన్నం, మెత్తన. గడ్డం గుండెలకు ఆనితే ఆ నాళం నొక్కుకుపోతుంది. అలా ఊపిరి అందని బిడ్డ ఏడవదు, కేకపెట్టదు. నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. ఈ సమస్యలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఈ నిశ్శబ్దమే. మన ఇళ్ళలో చంటిపిల్లను ఎత్తుకున్నవాళ్ళకి పెద్దవాళ్ళు ఒకే మాట పదిసార్లు చెబుతారు, మెడ పట్టుకో అని. ఆ మాటలో ఈ శాస్త్రమంతా ఉంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు కారు సీటులో ఊపిరికి ఇబ్బంది పడుతున్నారని 1980ల్లోనే పరిశోధకులు గమనించారు. 37 వారాలకు ముందు పుట్టిన బిడ్డలను ఇంటికి పంపేముందు కారు సీటులో కూర్చోబెట్టి చూడాలని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 1991లో సూచించింది. 2001లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో నెలలు నిండిన 50 మందిని, కాస్త ముందుగా పుట్టిన 50 మందిని కారు సీటులో ఉంచారు. గంట గడిచేసరికి రక్తంలో ఆక్సిజన్ సగటున 97 శాతం నుంచి 94 శాతానికి దిగింది. ముందుగా పుట్టినవాళ్ళే కాదు, నిండు నెలల పిల్లలు కూడా ఆ లెక్కలో ఉన్నారని గుర్తుంచుకోవాలి.

2009లో వచ్చిన మరో అధ్యయనం నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే అది మన వాదాన్ని అంత తేలిగ్గా గెలవనివ్వదు. 200 మంది ఆరోగ్యవంతులైన నవజాత శిశువులను ఆసుపత్రి మంచంలో, కారులో పెట్టే చదును పడకలో, కారు సీటులో ఉంచి కొలిచారు. మంచంలో ఆక్సిజన్ సగటు 97.9 శాతం. కారు పడకలో 96.3, కారు సీటులో 95.7. అంటే చదునుగా ఉన్నంత మాత్రాన కారు కోసం చేసిన పడక ఆసుపత్రి మంచంతో సమానం కాలేదు. కారులో పెట్టేది ఏదైనా, దారిలో ఉన్నంతసేపు వాడి ఇంటికి రాగానే తీసేయాల్సిందే అన్నమాట.

బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్లెమింగ్ బృందం, శిశుమరణాలపై పనిచేసే లల్లబీ ట్రస్ట్ సాయంతో, 40 మంది పసివాళ్ళ మీద ఇంకో పరీక్ష చేసింది. కదలని సీటులో 30 డిగ్రీల వాలులో ఉంచి కొలిచారు. తరవాత 40 డిగ్రీల వాలులో, కారు ప్రయాణంలోని కుదుపులను యంత్రంతో పుట్టించి మళ్ళీ కొలిచారు. కుదుపుల్లో నిటారుగా ఉన్నప్పుడు గుండె, ఊపిరి వేగం పెరిగాయి, ఆక్సిజన్ తగ్గింది. ఆ పరీక్ష కారు కోసం చేసింది. అయినా రాళ్ళు పరిచిన కాలిబాట మీద చిన్న చక్రాల ఫ్రేమ్ ఎలా అదురుతుందో తోసినవాళ్ళందరికీ తెలుసు కాబట్టి, కుదుపులు తోపుడు బండికీ ఉంటాయని నేను అనుకుంటాను. చాలా చిన్న పిల్లలను ఒక్కసారిగా 30 నిమిషాలకు మించి కారు సీటులో ఉంచవద్దన్న సలహా ఈ పరిశోధన తరవాతే బలపడింది.

ఈ లెక్కలన్నీ ఆక్సిజన్ గురించి. ప్రాణాల లెక్క వేరే ఉంది. అమెరికాలో 2004 నుంచి 2014 వరకు నిద్రలో జరిగిన 11,779 శిశుమరణాలను పరిశీలించిన అధ్యయనం 2019లో వచ్చింది. వాటిలో 348 మరణాలు, అంటే మూడు శాతం, కూర్చోబెట్టే సాధనాల్లో జరిగాయి. అందులో 219 కారు సీట్లలో. కారు సీటును అది చేసిన పనికి, చెప్పిన పద్ధతిలో వాడుతుండగా జరిగినవి వాటిలో పది శాతం కూడా లేవు. సగానికి పైగా జరిగింది బిడ్డ సొంత ఇంట్లోనే. ఈ లెక్కను నేను రెండు రకాలుగా చదువుతాను. మొదటిది, కారులో సరిగ్గా బిగించిన కారు సీటును చూసి ఎవరూ భయపడనవసరం లేదు. కారు ప్రమాదంలో అది కాపాడే ప్రాణాల ముందు మిగతా ముప్పు చాలా చిన్నది. రెండోది, ముప్పు ఎక్కువగా కారు దిగాకే, పడకగా వాడినప్పుడే మొదలవుతోంది.

పట్టీల సంగతి ఇంకా ఘోరం. 2015లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం కూర్చోబెట్టే, మోసే సాధనాల్లో చనిపోయిన 47 మంది చిన్నారుల వివరాలు చూసింది. 31 మంది కారు సీట్లలోనే పోయారు. వాళ్ళలో సగానికి పైగా పట్టీలు మెడకు బిగుసుకుని. కారు దిగగానే, పాపం బిడ్డకు ఇరుగ్గా ఉందేమోనని పట్టీ కొంచెం వదులు చేస్తాం. నడుము దగ్గర పట్టీ విప్పి, భుజం పట్టీలు అలాగే ఉంచుతాం. బిడ్డ కిందికి జారుతుంది, పట్టీ గొంతు దగ్గరికి వస్తుంది. ప్రేమతో చేసిన పనే ఉరి అవుతుంది. కాబట్టి ఫ్రేమ్ మీద ఎంత కొద్దిసేపు ఉంచినా కారులో బిగించినట్టే బిగించాలి, లేదా పూర్తిగా విప్పి బిడ్డను ఎత్తుకోవాలి. సగం విప్పడం అనేది ఉండకూడదు.

కింద పడటం మరో విషయం. 2003 నుంచి 2007 వరకు కారు వెలుపల కారు సీటు వాడుతుండగా దెబ్బలు తగిలి అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన శిశువులు 43,562 మంది అని ఒక అంచనా. ఎక్కువ దెబ్బలు తలకూ మెడకూ తగిలినవే. బల్ల మీద, వంటగది గట్టు మీద, బజారులో ట్రాలీ మీద పెట్టిన సీట్లవి. ఇక్కడ ఫ్రేమ్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి. క్లిక్‌మని సరిగ్గా బిగుసుకున్న ఫ్రేమ్ మీద సీటు, బల్ల మీద పెట్టిన సీటుకన్నా భద్రం. సిజేరియన్ అయిన తల్లికి కూడా ఫ్రేమ్ మేలు చేస్తుంది. సీటే నాలుగైదు కిలోలు, బిడ్డ మూడు నాలుగు కిలోలు. అంత బరువును ఆమె ఒక చేత్తో మోయకూడదు.

అందుకే ఫ్రేమ్ మీద కారు సీటు పెట్టడమే తప్పని నేననను. కారు ఆపిన చోటు నుంచి డాక్టరు గది దాకా, ఇంటి గుమ్మం నుంచి టాక్సీ దాకా, అది చక్కని ఏర్పాటు. ఇంగ్లండ్‌లో టాక్సీలో పిల్లల సీటు లేకపోతే మూడేళ్ళ లోపు పిల్లలు వెనక సీటులో అలాగే కూర్చోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. అలాంటిచోట తన కారు సీటును ఫ్రేమ్ మీద వెంట తెచ్చుకున్న తల్లిని మెచ్చుకోవాలి. చిక్కు అంతా గడియారంతో వస్తుంది. ఒక్కసారిగా రెండు గంటలకు మించి ఉంచకూడదని తయారీదారులు, భద్రతా సంస్థలు చెబుతుంటారు. ఆ రెండు గంటలు కచ్చితంగా తేలిన గీత కాదు, ఆచరణకు పెట్టుకున్న హద్దు. ఆ హద్దును కూడా తల్లిదండ్రులు తెలియక దాటేస్తారు. ఇంటి నుంచి బజారుకు కారులో నలభై నిమిషాలు. అక్కడ బిడ్డ నిద్రపోయింది, కదిలించకు అంటూ సీటుతో సహా ఫ్రేమ్ మీదికి. గంటన్నర తిరుగుడు. మళ్ళీ కారులో నలభై నిమిషాలు. ఇంటికొచ్చాక కూడా నిద్రలోనే ఉందని హాల్లో అలాగే వదిలేయడం. కారు సీటు కారులోంచి బండి మీదికి మారినంత మాత్రాన బిడ్డ ఒంటికి విశ్రాంతి దొరకలేదు. వీపు అదే వంపులో ఉంది, గడ్డం అదే చోట ఉంది. లెక్క కలుపుతూ పోవాలి, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టకూడదు.

ఈ సంగతి తయారీదారులకు తెలియనిది కాదు. యూరప్‌లో తోపుడు బండ్ల ప్రమాణం ఈఎన్ 1888 ప్రకారం, ఫ్రేమ్ మీద వాడే కారు సీటు తొట్టికీ మంచానికీ బదులు కాదని, బిడ్డకు నిద్ర అవసరమైతే సరైన ప్రామ్ తొట్టిలోకో మంచంలోకో మార్చాలని ఆ వస్తువుతో ఇచ్చే సూచనల్లో హెచ్చరిక ఉండాలి. అదే ప్రమాణం, పుట్టినప్పటి నుంచి వాడదగిన బండి సీటుకు వీపు, కూర్చునే భాగం మధ్య కనీసం 150 డిగ్రీల కోణం ఉండాలంటుంది. దాదాపు చదును అన్నమాట. కొత్తగా పుట్టిన బిడ్డ బండిలో ఎలా ఉండాలో ప్రమాణం తేల్చి చెప్పింది. దుకాణంలో అద్దాల వెనక మెరిసే బొమ్మ మాత్రం ఇంకోలా చూపిస్తుంది. నెలల బిడ్డ కారు సీటులో కళ్ళు మూసుకుని, తల్లి కాఫీ తాగుతూ. సూచనల పుస్తకం ఎవరు చదువుతారు, బొమ్మే గుర్తుంటుంది.

మధ్యేమార్గాలూ వచ్చాయి. కారు నుంచి తీసి ఫ్రేమ్ మీద పెట్టాక వెనక్కి వాల్చుకోగల సీట్లున్నాయి. కొన్నిటిని కారులోనే వాల్చవచ్చు. అడ్డంగా బిగించే, ఆర్129 ప్రకారం పరీక్షించిన కారు పడకలు కూడా ఉన్నాయి. సీటు కిందే చక్రాలు ముడుచుకుని ఉండే డూనా లాంటివీ వచ్చాయి. డూనా ఫ్రేమ్ మోసే శ్రమ తీరుస్తుంది కానీ వాలు సమస్య తీర్చదు. వాలేవి మెరుగే, కాని బరువు, ధర ఎక్కువ. న్యూజిలాండ్‌లో షర్లీ టాంకిన్ అనే పరిశోధకురాలు సీటు వెనక భాగంలో తలకు చోటు వదిలే ఫోమ్ దిండును రూపొందించి, తల ముందుకు వాలకుండా చూసే దారి పరిశోధించారు. మంచి ఆలోచన అది. అయితే సీటుతో వచ్చినవి, లేదా ఆ తయారీదారు ఒప్పుకున్నవి తప్ప బయట కొన్న దిండ్లు సీటులో పెట్టకూడదు. బెల్టు బిగువును అవి చెడగొడతాయి.

వాలు గురించి మరో గుణపాఠం ఇంకో వస్తువు నేర్పింది. 2019 ఏప్రిల్‌లో అమెరికాలో ఫిషర్ ప్రైస్ కంపెనీ 47 లక్షల దాకా రాక్ ఎన్ ప్లే ఊయలలను వెనక్కి తీసుకుంది. బిడ్డను వాలుగా పడుకోబెట్టే ఊయల అది. ఆ తరవాత వినియోగదారుల భద్రతా కమిషన్ కోసం ఎరిన్ మానెన్ చేసిన అధ్యయనం, పది డిగ్రీలు, అంతకు తక్కువ వాలే నిద్రకు భద్రంగా ఉండే అవకాశముందని చెప్పింది. వాలులో పసిబిడ్డ సులువుగా బోర్లా పడుతుంది, కండరాలు త్వరగా అలసిపోతాయి, మళ్ళీ సరైన స్థితికి రాలేదు. పది డిగ్రీలు దాటితేనే ఇంత జాగ్రత్త అవసరమైతే నలభై సంగతేమిటి?

ఇంత చదివి మన చీర ఉయ్యాల భేషని మురిసిపోవద్దు. గుడ్డలో మడతపడి పడుకున్న బిడ్డ వీపు కూడా వంగుతుంది, గడ్డం కూడా ఆనుతుంది. జోలపాడి ఊపినంతసేపు పక్కన మనిషి ఉంటుంది కాబట్టి సరిపోయింది. పక్కన మనిషి లేని రాత్రి నిద్రకు చీర ఉయ్యాలా పనికిరాదు. చదునైన గట్టి పరుపు, వెల్లకిలా బిడ్డ, పక్కన మెత్తని దిండ్లూ దుప్పట్లూ లేకపోవడం, ఇదే అన్నిచోట్లా ఒకే మాట.

ఖర్చు ప్రశ్న చాలామందిని కారు సీటు వైపు తోస్తుంది. ఆరు నెలలు వాడే తొట్టికి అంత డబ్బెందుకని అంటారు. అడగదగ్గ ప్రశ్నే. జవాబు కూడా సులువే. కారు సీటు పాతది కొనకూడదు. అది ఒకసారి ప్రమాదంలో పడిందో లేదో బయటికి తెలియదు. క్యారీకాట్ అలా కాదు. బిడ్డ తనంతట తాను కూర్చునేదాకా, సాధారణంగా తొమ్మిది కిలోల దాకా వాడే వస్తువది. ఆరు నెలలే వాడతారు కాబట్టి దాదాపు కొత్తగానే చేతులు మారుతుంది. పరుపు వరకు కొత్తది వేసుకుంటే చాలు. ఫ్రేమ్‌కు సరిపోయే మోడలేనా, కొక్కేలు సరిగ్గా పడుతున్నాయా అని చూసుకోవాలి.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు సీటు బెల్టు గానీ పిల్లల సీటు గానీ పెట్టకుండా వాహనం నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. హైదరాబాద్‌లో, విజయవాడలో ఇప్పటికీ బిడ్డ ముందు సీట్లో అమ్మ ఒళ్ళోనే కనిపిస్తుంది. కాబట్టి మనకు మొదటి పని కారు సీటు కొనిపించడమే. దాన్ని తగ్గించి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. కానీ మన మార్కెట్లో ఆ సీటు అమ్మే తీరు నన్ను కలవరపెడుతుంది. నాలుగు పనులకు ఒకే వస్తువంటూ, కారు సీటు, క్యారీకాట్, ఊయల, అన్నం తినిపించే కుర్చీ అని డబ్బా మీద అచ్చువేస్తున్నారు. క్యారీకాట్ అంటే బిడ్డ చదునుగా పడుకునేది. యూరప్‌లో దానికి ఈఎన్ 1466 అనే వేరే ప్రమాణమే ఉంది. వంపు తిరిగిన సీటుకు ఆ పేరు పెడితే, కొన్న తల్లి దాన్ని పడక అనే అనుకుంటుంది. రాత్రంతా అందులోనే పడుకోబెడుతుంది. పేరు చూసి నమ్మింది కదా, తప్పు ఆమెదనలేం.

ఈ వస్తువులు అమ్మేవాళ్ళను నేను కోరేది ఒక్కటే. ఆ డబ్బా మీదినుంచి క్యారీకాట్ అన్న మాట తీసేయండి. దాని బదులు, నిద్రకు కాదు, ప్రయాణానికి మాత్రమే అని తెలుగులో పెద్ద అక్షరాలతో వేయండి. పురుడు పోయడానికి విదేశాలకు వెళ్తున్న అమ్మలకూ ఒక మాట. ఇంటికి రాగానే, బిడ్డ ఎంత గాఢంగా నిద్రపోతున్నా సరే, పట్టీలు విప్పి ఎత్తి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. లేస్తుంది, కాసేపు ఏడుస్తుంది, మళ్ళీ పడుకుంటుంది.